షుగర్ డాక్టరుకు తమ్ముడి హెచ్ఐవీ సంగతి చెప్పాలా? ఎట్లా చెప్పాల?

పాకాల అక్క
సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. ఇంట్లోనే మిషను కుడతాను. రాసే అలవాటు పెద్దగా లేదు, పొడుగైతే ఏమీ అనుకోవద్దండి.

మా తమ్ముడికి 44 ఏండ్లు. లారీ తోలేవాడు. కాలమొస్తే తోటల నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు మామిడికాయల లోడ్లు, మిగతా రోజుల్లో ఏది దొరికితే అది. 2012లో మా మరదలు జ్వరాలతో చిక్కి చిక్కి పోయింది. అప్పుడే వాడికీ హెచ్ఐవీ ఉండాదని తేలింది. పాపకి అప్పుడు నాలుగేండ్లు. దేవుడి దయ, దానికి లేదు. ఆ ఏడాది నుంచే మందులు వాడతా ఉండాడు. మొదట్లో రెండు పూటలా మాత్రలు, తర్వాత రాత్రికి ఒకటి, ఇప్పుడు నాలుగేండ్లుగా టీఎల్‌డీ అనే ఒక్క మాత్ర. చిత్తూరులో అయితే తెలిసినోళ్లు చూస్తారని తిరుపతికి పోతాడు, పాసింజరు బండెక్కి. పోయిన నవంబర్లో వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష, తీసినారు, వైరస్ కనబడలేదని వచ్చింది.

ఇంట్లో ఈ సంగతి నాకూ మా ఆయనకూ తప్ప ఎవరికీ తెలీదు. మా అమ్మకి 68, ఆమెకీ తెలీదు. రాత్రి తొమ్మిదికి వాడు మిద్దె మీదికి పోయి మాత్ర వేసుకుని దిగి వస్తాడు. సీసా మీద కాగితం గోరుతో గీకి తీసేస్తాడు. అమ్మేమో వాడు బీడీ తాగేదానికి పోతా ఉండాడని రోజూ తిడతాది.

రెండేండ్ల కింద వాడికి షుగర్ వచ్చింది. చిత్తూరులో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర చూపిస్తాము. ఆయనకి హెచ్ఐవీ సంగతి చెప్పలేదు. హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్టీ సెంటర్లో షుగర్ ఎక్కువుండాదని ముందే చెప్పినారు గానీ, బయట ఏ మాత్రలు వాడతాడో వీడు వాళ్లకి చెప్పలేదు. సెంటర్లో ఇచ్చిన పచ్చ పుస్తకం ఈ డాక్టరుకు అగపడకుండా, ఈ చీటీ ఆ సెంటర్లో అగపడకుండా రెండేండ్లు నడిపినాడు.

మూడు నెలల కింద షుగర్ డాక్టరు మెట్‌ఫార్మిన్ పెంచినాడు. పొద్దున వెయ్యి, రాత్రి వెయ్యి. అప్పటి నుంచి కడుపులో తిప్పుడు, రోజుకు మూడు నాలుగు సార్లు విరేచనాలు, నోట్లో ఇనుము నాకినట్టు ఉండాదంటాడు. సంగటి ముద్ద సగం తిని లేస్తాడు. ఇది టీఎల్‌డీ వల్లే అని వాడికి అనుమానం. నిన్న సీసా తీసి లెక్క పెట్టినాను. తేదీ ప్రకారం పదకొండు ఉండాల, పదిహేను ఉండాయి. నాలుగు రోజులు మానేసినాడు, నాకు చెప్పకుండా. ఆ లెక్క చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

ఇంకోటి. నిన్న ఆదివారం పొద్దున అమ్మ వంటింట్లో కూర్చుని తమ్ముడి షుగర్ మిషన్‌తో, వాడి సూది పెన్నుతోనే వేలు గుచ్చుకుంటా ఉండాది. సూది కూడా మార్చలేదు. ఆమెకీ పదేండ్లుగా షుగర్. ఎన్నాళ్లుగా ఇట్లా చేస్తా ఉందో తెలీదు. నోట మాట రాలేదు నాకు. ఏమని చెప్పి ఆపాల? ఆమెకి వస్తాదా?

మూడోది మొక్కు. పాప ఇంటర్ పాసైతే చెప్పుల్లేకుండా అలిపిరి మెట్లెక్కి కొండకి వస్తానని వాడు మొక్కుకున్నాడు. పాప పాసైంది. కానీ వాడికి అరికాళ్లలో తిమ్మిరి. పోయిన నెల చెప్పు జారి వాకిట్లో పడిపోయింది, నాలుగడుగులు నడిచినాక గానీ వాడికే తెలీలేదు.

షుగర్ డాక్టరుకు చెప్పాల్సిందేనా? చెప్తే చూడనంటే? ఊళ్లో ఎవరికైనా చెప్తే? పెళ్లి కావాల్సిన పిల్ల ఉండాది ఇంట్లో. తెలిసినోళ్లు చెప్పండి.


స్టాఫ్ నర్స్, చిత్తూరు
సోమవారం, రాత్రి 11:25

అక్కా, మిగతావన్నీ తర్వాత. ముందు అమ్మగారి సంగతి, ఎందుకంటే అక్కడ గంటలు లెక్క.

రక్తం అంటిన సూది గుచ్చుకుంటే వైరస్ అంటకుండా ఇచ్చే మందు ఉంది, పెప్ అంటాం. 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మేలు, 28 రోజులు వాడాలి. మీరు ఆదివారం పొద్దున అన్నారు. అంటే బుధవారం పొద్దుటితో ఆ గడువు తీరిపోతుంది. రేపు తెల్లారగానే బయల్దేరండి.

బెదిరించడానికి చెప్పడం లేదు. మందులు వాడని మనిషి రక్తం ఉన్న సూది ఆసుపత్రిలో మాలాంటి వాళ్లకు గుచ్చుకున్నా, వెయ్యి మందిలో ముగ్గురికి వచ్చే ప్రమాదం అని మాకు నేర్పుతారు. వేలికి గుచ్చే ఆ చిన్న సూదికి లోపల బోలు ఉండదు, రక్తం నిలవదు. పైగా నవంబర్లో మీ తమ్ముడి రక్తంలో వైరస్ కనబడలేదు. కాబట్టి ప్రమాదం ఇంకా చాలా తక్కువ. కానీ మధ్యలో నాలుగు మాత్రలు మానేశాడని కూడా మీరే చెప్పారు. అది డాక్టరుకు దాచకండి. పెప్ కావాలా అక్కర్లేదా అన్నది వాళ్లు తేలుస్తారు, మనం ఇంట్లో కూర్చుని తేల్చేది కాదు.

నిజానికి ఆ పెన్నుతో నాకు ఎక్కువ భయం హెపటైటిస్ బి గురించి. ఆ వైరస్ ఒంటి బయట ఏడు రోజుల దాకా బతికే ఉంటుంది. ఆరిపోయిన, కంటికి కనబడని రక్తం చాలు. హెచ్ఐవీతో పాటు బి, సి పరీక్షలు కూడా అమ్మగారికి చేయించండి. ఇప్పుడొకసారి, వాళ్లు చెప్పిన తేదీకి మళ్లీ.

చాలామంది సూది మారిస్తే చాలనుకుంటారు. చాలదు. పెన్ను ముందు మూత ఉంటుందే, వేలికి ఆనించేది, దాని లోపలి అంచుకు కూడా రక్తం అంటుతుంది. ఇంట్లో ఎవరికి ఏ జబ్బూ లేకపోయినా పెన్ను ఒక్కరికే. ఇద్దరు షుగర్ మనుషులుంటే రెండు పెన్నులు, రెండు సూదుల డబ్బాలు. మిషన్ కూడా విడిగా ఉంటే మంచిది. లేదంటే ప్రతిసారీ శుభ్రంగా తుడవాలి.

ఇంకో మాట. అమ్మగారికి ఏమీ చెప్పకుండా పరీక్ష చేయించాలని మీకు అనిపిస్తుంది. అలా కుదరదు, హెచ్ఐవీ పరీక్ష చేసే ఐసీటీసీలో ముందు కూర్చోబెట్టి మాట్లాడతారు, ఆమె ఒప్పుకుంటేనే రక్తం తీస్తారు. తమ్ముడి సంగతి ఆమెకు చెప్పే హక్కు కూడా మీకు కాదు, అతనికే ఉంది. అందుకని ఈ రాత్రికే తమ్ముడిని లేపి మాట్లాడండి.


పలమనేరు వాసి
సోమవారం, రాత్రి 11:50

అక్కా, మీ చివరి ప్రశ్నకి మాత్రం జవాబు చెప్తాను. 2017లో హెచ్ఐవీ చట్టం వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. హెచ్ఐవీ ఉందని వైద్యం చేయననడం, మనిషి ఒప్పుకోలు లేకుండా ఇంకొకరికి చెప్పడం ఆ చట్టం ప్రకారం తప్పు. ప్రైవేటు డాక్టరుకైనా అంతే. ఏ సందేహమున్నా 1097కి ఫోన్ చేయండి, డబ్బు పడదు, పేరు చెప్పక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఏఆర్టీ వాడేవాళ్లకు నెలకు 4,000 పింఛను ఉంది కదా, తమ్ముడికి వస్తా ఉందా? రాకపోతే సెంటర్లో కౌన్సిలర్‌ని అడగండి.


కొండ కింద మనిషి
మంగళవారం, ఉదయం 5:35

అమ్మా, నాది తిరుపతి. 57 ఏండ్లు. 2008 నుంచి ఏఆర్టీ, 2016 నుంచి షుగర్. నీ తమ్ముడి మాదిరే నేనూ రెండు ఆసుపత్రులకి రెండు ముఖాలు పెట్టుకుని తిరిగినోడిని. నర్సమ్మ చెప్పిన పని ముందు చేయండి. ఇది దోవలో బండిలో కూర్చుని చదువుకో.

కడుపు సంగతి. మీ తమ్ముడు అనుమానించేది తప్పు మాత్రని అని నాకు గట్టిగా అనిపిస్తా ఉంది. టీఎల్‌డీలో మూడు మందులు: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. ఆ డోలుటెగ్రావిర్ ఉన్నప్పుడు మెట్‌ఫార్మిన్ మూత్రపిండాల గుండా బయటికి పోయేది నెమ్మదిస్తుంది. రోజుకొక 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్‌తో మెట్‌ఫార్మిన్ ఒంట్లో దాదాపు 79 శాతం ఎక్కువ చేరుతుందని లెక్కగట్టినారు. అంటే డాక్టరు రాసింది రెండు వేలు, నీ తమ్ముడి ఒంటికి తగులుతా ఉండేది మూడున్నర వేల లెక్క. విరేచనాలు, నోట్లో ఇనుము రుచి, తిండి సయించకపోవడం, ఇవన్నీ మెట్‌ఫార్మిన్ ఎక్కువైతే వచ్చేవే. టీఎల్‌డీతో వాడేటప్పుడు మెట్‌ఫార్మిన్ రోజు మొత్తం మీద 1,000 దాటొద్దంటారు. ఆ డాక్టరు తప్పు ఏమీ లేదు. ఆయన ముందర ఉన్న చీటీలో టీఎల్‌డీ అనే మాటే లేదు కదా. మీ అంతట మీరు తగ్గించొద్దు, మానేయొద్దు. ఆయన చేతనే మార్పించండి. ఏఆర్టీ మాత్ర మాత్రం ఈ రాత్రి నుంచే తప్పకూడదు.

చెప్పాల్సిందేనా అని అడిగినావు. చెప్పాల. ఇది ఒక్క మెట్‌ఫార్మిన్ గొడవ కాదు. డోలుటెగ్రావిర్ వాడితే కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్షలో క్రియాటినిన్ రవ్వంత పెరిగినట్టు కనబడుతుంది, కిడ్నీకి ఏమీ కాకపోయినా. తెలీని డాక్టరు దాన్ని చూసి కిడ్నీ పోతా ఉందని భయపడతాడు. ఇంకోపక్క టెనోఫోవిర్ కొందరికి నిజంగానే కిడ్నీని దెబ్బ తీస్తుంది, షుగర్ ఎట్లాగూ తీస్తుంది. ఏది ఏమిటో తేల్చాలంటే రెండూ తెలిసిన మనిషి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతా ఉందా అని చూసి చెప్పాల. ఒళ్లు నొప్పులకి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అడిగి వేసుకునే అలవాటు లారీ వాళ్లకి ఉంటుంది. దాన్ని మానిపించు.

కడుపు మంటకి జెలూసిల్, డైజీన్ తాగుతా ఉన్నాడేమో కూడా అడుగు. కడుపు తిప్పే మనిషి అదే పని చేస్తాడు, నేనూ చేసినాను. దాంట్లో ఉండే మెగ్నీషియం, అల్యూమినియం డోలుటెగ్రావిర్‌ని పట్టేసుకుని ఒంటికి పట్టకుండా చేస్తాయి. టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తర్వాత తాగాల, లేదంటే ఆరు గంటల ముందే తాగేసి ఉండాల. కాల్షియం, ఐరన్ మాత్రలకీ ఇదే లెక్క, కాకపోతే అవి అన్నంతో కలిపి టీఎల్‌డీతో పాటే వేసుకుంటే పరవాలేదు.

ఎట్లా చెప్పేది అన్నావు కదా. నేను ఎట్లా చెప్పినానో రాస్తాను.

2021లో నాకు మాత్ర మార్చి టీఎల్‌డీ ఇచ్చినారు. అప్పటిదాకా నేనూ సీసా కాగితం పీకేసేవాణ్ణి. గోరుతో పీకితే జిగురు మిగిలిపోతాది, కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిస్తే సీసా అద్దం మాదిరి అవుతాది. అట్లాంటి సీసాలు ఎన్నో తుడిచినాను. ఇక్కడి రుయా ఆసుపత్రిలో కౌన్సిలరమ్మ నా షుగర్ మాత్రల గురించి గుచ్చి గుచ్చి అడిగి, ఈ మెట్‌ఫార్మిన్ సంగతి ఆమే చెప్పింది. ఈసారి కాగితం పీకొద్దు అన్నా, సీసా సీసాగా షుగర్ డాక్టరు బల్ల మీద పెట్టు, నోటితో ఏమీ చెప్పక్కర్లేదు అన్నది. అట్లనే చేసినాను. లోపలికి పోయినాను, కుర్చీలో కూర్చున్నాను, జేబులోంచి తీసి బల్ల మీద పెట్టినాను. ఆయన అద్దాలు సవరించుకుని కాగితం తిప్పి చదివినాడు. బయట కాంపౌండరు పేర్లు పిలుస్తా ఉన్నాడు, నా గుండె అదురుతా ఉంది. ఆయన సీసా పెట్టి, "ఎన్నేండ్లయింది?" అన్నాడు. పదమూడు అన్నాను. "ఒక్క మాట ముందే చెప్పుంటే బాగుండేది, నేను మీకు చాలా మాత్రలు గుడ్డిగా రాసినాను" అన్నాడు. అంతే. చీటీ మీద హెచ్ఐవీ అని రాయొద్దని అడిగినాను, టీఎల్‌డీ అని మాత్రం రాసుకున్నాడు. ఇప్పటికీ ఆయన దగ్గరికే పోతాను.

అందరు డాక్టర్లూ అట్లా ఉండరు. అంతకు ముందు ఒకచోట చెప్తే, నన్ను బయట బెంచీ మీద అందరి తర్వాత దాకా కూర్చోబెట్టినారు. ఆ చోటికి మళ్లీ పోలేదు. మీ డాక్టరు అట్లా చేస్తే వేరే డాక్టరుని పట్టుకోండి, చెప్పడం మాత్రం ఆపొద్దు.

షుగర్ మూడు నెలల సగటు చెప్పే పరీక్ష (హెచ్‌బీఏ1సీ) ఒక్కదాన్నే నమ్మొద్దు. నేను పాత మందు జిడోవుడిన్ వాడే రోజుల్లో ఆ పరీక్ష 6.1 చూపించేది, పరగడుపు షుగర్ 180 ఉండేది. ఆ మందుకి ఎర్ర కణాల తీరు మారి సగటు తక్కువగా కనబడుతుందట. అందువల్లే నాకు షుగర్ ఉండాదని ఆలస్యంగా తెలిసింది. మన మాదిరి వాళ్లకి పరగడుపుది, తిన్న తర్వాతది కూడా చూడాల.

ఇప్పుడు మొక్కు. దీని గురించి నేను గట్టిగా చెప్తాను, కోప్పడొద్దు.

2019 మే నెలలో నేను శ్రీవారి మెట్టు దోవలో ఉత్త కాళ్లతో ఎక్కినాను. అలిపిరి దోవకి 3,550 మెట్లైతే, ఇది పొట్టి దోవ, 2,388. ఎండకి రాయి కాలినా నాకేమీ తెలీలేదు. పక్కనోళ్లు అబ్బా అబ్బా అని ఎగురుతా ఉంటే స్వామి నా కాలు చల్లగా ఉంచినాడని సంబరపడినాను, అమ్మా. దర్శనం చేసుకుని, లడ్డు తీసుకుని, బస్సులో దిగి ఇంటికొచ్చి పడుకున్నాను. తెల్లారి మా ఇంటామె దుప్పటి చూసి కేక పెట్టింది. ఎడమ కాలి బొటనవేలి కింద నిమ్మకాయంత బొబ్బ పగిలి ఉండాది. నాలుగు నెలలు కట్లు కట్టినారు, చివరికి వేలు తీసేసినారు. అంతకు ముందు వాడిన పాత మాత్రలు నరాలని దెబ్బ తీసినాయి, దాని మీద షుగర్ వచ్చి కూర్చుంది. రెండూ కలిస్తే కాలు ఉందన్న సంగతే కాలికి తెలీదు.

చెప్పు జారితే తెలీలేదంటే నీ తమ్ముడి కాలు అప్పటి నా కాలే. మెట్లెక్కనీయొద్దు. ఉత్త కాళ్లతో అసలే వద్దు. బస్సులో పోయి తలనీలాలు ఇచ్చి రమ్మను. నేనిప్పుడు ఏటా అట్లే పోతాను, మనసుకి లోటు ఏమీ లేదు. రోజూ రాత్రి అరికాళ్లు నువ్వో పాపో చూడండి, వేళ్ల సందులు కూడా. వాడికి కనబడకపోతే అద్దం కింద పెట్టి చూసుకోమను. ఏడాదికోసారి కంటి డాక్టరు దగ్గర రెటీనా కూడా చూపించండి.

తిండి సంగతి. సంగటి మంచిదని ముద్ద మీద ముద్ద తింటే అదీ షుగరే. చిన్న ముద్ద, ఎక్కువ పప్పుకూర, ఆకుకూర. ఊరిబిండి వేసుకోవచ్చు, చెనక్కాయల బలం ఉంటుంది. మామిడికాయల మధ్య బతికినోడు, పండు ముట్టొద్దంటే ఉండలేడు. రెండు ముక్కలు ఇవ్వు, రసం తీసి మాత్రం ఇవ్వొద్దు.


పచ్చాకు
మంగళవారం, ఉదయం 9:10

ఇంగ్లీషు మందులు రెండూ కలిస్తే ఒంటికి వేడి. కొన్నాళ్లు రెండూ ఆపి పొడపత్రి ఆకు పొడి, కాకరకాయ రసం ఇవ్వండి. మా బాబాయికి షుగర్ దిగింది.


కొండ కింద మనిషి
మంగళవారం, ఉదయం 9:40

బాబూ, నీ మంచి మనసు అర్థమైంది. కానీ ఏఆర్టీ ఆపమని దయచేసి ఎవరికీ చెప్పొద్దు. ఆపితే వైరస్ మళ్లీ లేస్తుంది, మందుకి లొంగకుండా మొండిదౌతుంది. 2004లో ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టక ముందు ఈ మాత్రలు కొనలేక పోయినోళ్లని నేను కళ్లారా చూసినాను. కాకరకాయ కూర చేసుకుని తినమను, అంతవరకు ఎవరికీ నష్టం లేదు. పొడులు, కషాయాలు ఏవి వాడాలన్నా ముందు ఏఆర్టీ డాక్టరుకు చూపించాల.


స్టాఫ్ నర్స్, చిత్తూరు
మంగళవారం, మధ్యాహ్నం 2:15

అన్న చెప్పినవాటికి ఒకటే కలుపుతాను, దగ్గు గురించి. హెచ్ఐవీ ఒకటున్నా, షుగర్ ఒకటున్నా టీబీ తొందరగా పట్టుకుంటుంది. రెండూ ఉన్న మనిషికి మరీ జాగ్రత్త కావాలి. ఏఆర్టీ సెంటర్లో వెళ్లిన ప్రతిసారీ దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయా అని అడుగుతారు. బండికి టైమయిందని అన్నిటికీ లేదు లేదు అనేసి రావద్దని తమ్ముడికి చెప్పండి. టీబీ మందు రిఫాంపిసిన్ మొదలైతే డోలుటెగ్రావిర్ రెండు పూటలా వేయాల్సి వస్తుంది, షుగర్ మాత్రల లెక్కా మారుతుంది.

అక్కా, ఆసుపత్రికి వెళ్లారా?


పాకాల అక్క
శుక్రవారం, రాత్రి 9:50

పోయినాము. జవాబు రాయడం ఆలస్యమైంది, మన్నించండి.

సోమవారం రాత్రి నర్సమ్మ రాసింది తమ్ముడికి చదివి వినిపించినాను. వాడు పెన్ను తీసుకుని బయటికి పోయి చాలాసేపు వాకిట్లో కూర్చున్నాడు. తెల్లారి నాలుగున్నరకి వాడే లేచి నన్ను లేపినాడు. అమ్మ పొయ్యి దగ్గర సంగటి చేస్తా ఉండాది. పిండి పోసి తెడ్డుతో తిప్పతా ఉండాది, అప్పుడు ఆపితే ఉండలు కడతాది. వాడు వాకిలి పట్టుకుని నిలబడి మొత్తం చెప్పేసినాడు. మరదలికి ఏమైంది, వాడికి ఏముండాది, మిద్దె మీద ఏం చేస్తా ఉన్నాడు, పెన్ను సంగతి, అంతా. అమ్మ తెడ్డు తిప్పడం ఆపలేదు. సంగటి దించి, మూత పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, "బీడీకి పోతాండావని పదమూడేండ్లు తిట్టినాను కదరా నిన్ను" అని వాడి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. తనకి వస్తాదా రాదా అని ఒక్క మాట అడగలేదు. నేనే చెప్పి బయల్దేరదీసినాను.

పెన్ను ఉగాది నుంచి వాడతా ఉందంట. తన సూదులు అయిపోయినాయని, కొనమంటే నాకు ఖర్చని అడగలేదంట. ఆ మాట నన్ను ఇంకా పొడుస్తానే ఉండాది.

డాక్టరమ్మ వైరల్ లోడ్ కాగితం చూసింది, నాలుగు మాత్రలు మానిన సంగతి కూడా చెప్పినాము. అన్నీ అడిగి పెప్ అవసరం లేదన్నది. అమ్మకి హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి మూడు పరీక్షలూ చేసినారు, మూడూ లేవని వచ్చినాయి. ఆరు వారాలైనాక ఒకసారి, మూడు నెలలైనాక ఇంకోసారి రమ్మన్నారు. తమ్ముడికి వైరల్ లోడ్ మళ్లీ తీస్తామన్నారు.

నిన్న చిత్తూరుకి షుగర్ డాక్టరు దగ్గరికి పోయినాము. అన్నా, మీరు చెప్పినట్టే కాగితం ఉన్న కొత్త సీసా తీసుకుపోయినాము. తమ్ముడు బల్ల మీద పెట్టలేకపోయినాడు, చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. నేను తీసుకుని పెట్టినాను. ఆయన చదివి, ఫోనులో ఏదో చూసుకుని, మెట్‌ఫార్మిన్ పొద్దున 500, రాత్రి 500 చేసినాడు. ఇంకో మాత్ర కలిపినాడు. క్రియాటినిన్, మూత్రం పరీక్ష రాసినాడు. కాళ్లు కూడా చూసినాడు. నైలాన్ దారం లాంటిది అరికాలికి ఆనించి, కళ్లు మూసుకుని తగిలితే చెప్పమన్నాడు. కుడి కాలిలో రెండు చోట్ల, ఎడమ కాలిలో మూడు చోట్ల వాడు ఏమీ చెప్పలేదు. దారం వంగేదాకా ఆనించింది నాకు అగపడతా ఉండాది, వాడు ఇంకా ఎప్పుడు ఆనిస్తారా అని కాచుకోని ఉండాడు.

మొక్కు గురించి ఇంట్లో పెద్ద మాటలేమీ కాలేదు. పాప తానే మెట్లెక్కుతానన్నది. వాడు బస్సులో పోయి పైన ఉంటాడు.

ఇప్పుడు పెన్నులు రెండు. అమ్మదానికి ఎర్ర దారం, వాడిదానికి నల్ల దారం, నా మిషను దారాలే చుట్టినాను. టీఎల్‌డీ సీసా వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన ఉండాది. నిన్న రాత్రి తొమ్మిదికి అమ్మే తీసిచ్చేదానికి పోయి మూత తీయలేకపోయింది. నొక్కి తిప్పాలమ్మా అని వాడు చూపించినాడు.

నర్సమ్మా, వాడేసిన సూదులు ఒక గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేస్తా ఉండాము. నిండినాక యాడ ఇవ్వాల?


స్టాఫ్ నర్స్, చిత్తూరు
శుక్రవారం, రాత్రి 10:20

పూర్తిగా నిండేదాకా ఉంచకండి అక్కా, ముప్పాతిక దాకా వచ్చాక మూత బిగించి చుట్టూ టేపు వేయండి. ఇంటి చెత్తలో కలపకండి. తమ్ముడు తిరుపతికి మందులకు వెళ్లేటప్పుడు తీసుకెళ్లి, ఎక్కడ ఇవ్వాలో సెంటర్లో అడిగి ఇవ్వమనండి. అమ్మగారి రెండో పరీక్ష తేదీ మర్చిపోవద్దు.